కొండ మీద లెవెల్ పైపు

మాది మండపేట దగ్గర ఒక పల్లెటూరు. కాలువ గట్టెక్కి నిలబడితే నాలుగు ఊళ్ళ వాటర్ ట్యాంకులు కనిపించేంత చదును నేల. మా ఊరి పిల్లలకు తెలిసిన పెద్ద ఎత్తు గడ్డిమేటు. అలాంటి ఊళ్ళో పుట్టి, అలాంటి ఇంకో ఊరికి కోడలిగా వచ్చి, హైస్కూల్లో సోషల్ టీచరుగా ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద తూర్పు కనుమలు గీశాను. ఎలా గీసేదాన్నంటే, పిల్లలు చూసి రంపం పళ్ళనుకునేవారు. ఒక్క కొండ కూడా కాళ్ళతో ఎక్కకుండానే కొండల పాఠం చెప్పేశాను. అన్నవరం మెట్లు ఎక్కారు కదా అంటారేమో, మెట్లు కట్టిన కొండ నా లెక్కలోకి రాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బెంగళూరులో పనిచేసే మా తమ్ముడు సెలవులకు వస్తూ పసుపు రంగు మిషనొకటి తెచ్చాడు. చేతిలో పట్టేంత. ఆరుబయట పట్టుకుంటే మనం నిలబడ్డ చోటు అక్షాంశం, రేఖాంశం, ఎత్తు అన్నీ చెబుతుంది. దాంతో ఒక ఆట ఉందన్నాడు. పేరు జియోకాషింగ్. ఎవరో ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు అంకెలు ఇంటర్నెట్‌లో పెడతారు. చూసినవాళ్ళు ఆ అంకెలు మిషన్లో వేసుకుని వెతుక్కుంటూ వెళ్ళాలి. దొరికితే లోపలున్న పుస్తకంలో సంతకం పెట్టి, డబ్బా యథాస్థానంలో పెట్టి వచ్చేయాలి.

"దొరికింది ఇంటికి తెచ్చుకోకూడదా?" అని అడిగారు మా అత్తగారు.

"కూడదండి," అన్నాను.

"మరెందుకే అంత దూరం వెళ్ళడం?"

నాకు మాత్రం ఆ అంకెలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. అక్షాంశాలంటే నాకు పరీక్ష పేపర్లో రెండు మార్కుల ప్రశ్న. అవి కాళ్ళ కింద నిజంగా ఉంటాయని, వాటిని పట్టుకుని నడవచ్చని నలభై ఏళ్ళు వచ్చాక తెలిసింది. తమ్ముడు తిరుగు రైలెక్కేలోగా ఆ మిషను నాదైపోయింది.

అప్పట్లో మన వైపు అలాంటి డబ్బాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మొదటిది విశాఖపట్నం పక్కన ఒక కొండ మీద దొరికింది. ఆ వేళ పుస్తకంలో సంతకం పెట్టి, దాన్ని నేనే రెండుసార్లు చదువుకున్నాను. ఆ తర్వాత సెలవు వస్తే చాలు, డబ్బా ఉన్నా లేకపోయినా కొండ కోసం బయలుదేరేదాన్ని. పెద్దాపురంలో పాండవుల మెట్ట ఎక్కాను. కోరుకొండ ఎక్కాను. పోలవరం అవతల లాంచీ దిగి, పేరు కూడా తెలియని ఒక గుట్ట మీద చీర కుచ్చిళ్ళు దోపుకుని నించున్నాను. ఎక్కిన ప్రతిదానికీ ఎత్తు, అక్షాంశం, రేఖాంశం నోట్ బుక్కులో రాసుకునేదాన్ని. అవన్నీ చూసుకుంటుంటే ఎవరైనా నన్ను చూస్తే బావుణ్ణనిపించేది. గర్వం అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఎక్కడికెళ్ళినా తోడు మా ఆయన. పంట పనులుంటే రారు, లేకపోతే వస్తారు. వాటర్ బాటిళ్ళు, పులిహోర మోసేది ఆయనే. ఏడెకరాల వరి చేస్తారు. పదో తరగతి తప్పారు. ఈ రెండో ముక్క మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరికీ తెలియకుండా నేను చాలా జాగ్రత్తపడ్డాను. తోటి టీచర్ల భర్తలు బ్యాంకులో ఒకరు, రెవెన్యూలో ఒకరు, కాలేజీలో ఒకరు. మీవారేం చేస్తారండీ అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే "పొలాలవీ చూసుకుంటుంటారండి" అనేదాన్ని. చూసుకోవడమంటే గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడడమని వాళ్ళనుకుంటే అనుకోనీ అని. దమ్ము బురదలో మోకాలి లోతున దిగే మనిషని చెప్పడానికి నోరు వచ్చేది కాదు. ఇది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అప్పుడు లేదు.

ఇంతలో నాకొక కోరిక పుట్టింది. ఇతరులు దాచినవి వెతకడం కాదు, నేనే ఒకటి దాచాలి. అదీ మా జిల్లాలో ఒక శిఖరం మీద. తుని దగ్గర హైవేకి పడమటి వైపున్న కొండల్లో ఒకటి ఎంచుకున్నాను. ద్వారపూడిలో ప్యాసింజరెక్కి తునిలో దిగి, ఆటోలో కొండ మొదలు దాకా వెళ్ళాం. పైకి దారి లేదు, మేకలు నడిచిన జాడ ఉంది. ఎక్కడానికి రెండున్నర గంటలు పట్టింది. పైకి వెళ్ళాక చూస్తే ఆ కొండకు రెండు తలలు. మధ్యలో పల్లం, దాని నిండా తుప్పలు. రెండూ ఒకే ఎత్తులా కనిపించాయి.

దగ్గరి తల మీద ఒక రాయికి పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. ముందు ఎండిపోయిన నిమ్మకాయలు, గాజుల ముక్కలు. అమ్మవారు. అవతలి తల మీద ఏమీ లేదు, ఉత్త బండలు.

ఇంక నాకు అనుమానమేముంది? మన కొండల్లో దేవుడెప్పుడూ అన్నిటికన్నా పైనే కదా కూర్చుంటాడు. కోరుకొండలో అంతే, అన్నవరంలో అంతే. అమ్మవారున్నదే శిఖరం. మిషను బయటికి తీసి అంకెలు రాసుకున్నాను. అవతలి దాని దగ్గరికి వెళ్ళి చూద్దామన్న ఆలోచన కూడా రాలేదు. అమ్మవారికి పది అడుగులు ఎడంగా, రాళ్ళ సందులో స్టీలు టిఫిన్ డబ్బా పెట్టాను. అందులో నలభై పేజీల పుస్తకం, పెన్సిలు, తడి తగలకుండా రెండు ప్లాస్టిక్ కవర్లు. మొదటి పేజీలో నా చేత్తో ఇంగ్లీషులో రాశాను: ఇది ఈ కొండ శిఖరం, డెల్టా మనిషి ఒకరు ఎక్కి పెట్టింది.

మా ఆయన రాతి మీద కూర్చుని పులిహోర తింటూ అవతలి తల వైపు చాలాసేపు చూశారు. ఏమిటని నేను అడగలేదు.

మండపేట నెట్ సెంటర్లో కూర్చుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఆ డబ్బాకి పేజీ తయారుచేశాను. కొండలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు ఇదేనని పెద్దక్షరాల్లో రాశాను. పది రోజులకి ఆట నడిపేవాళ్ళు పేజీకి ఒప్పుకున్నారు. ప్రింటు తీసి స్కూలు నోటీసు బోర్డుకి అంటించాను. హెడ్మాస్టరుగారు ప్రార్థనలో ప్రకటించారు: "మన సోషల్ టీచరుగారు ఒక శిఖరాన్ని ప్రపంచ పటంలో పెట్టారు." పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ వారమంతా నా కాళ్ళు నేల మీద లేవు.

రెండు నెలలకి పేజీ కింద ఒక రాత వచ్చింది. విశాఖపట్నం ఆటగాడు, డబ్బా దొరికిందని రాశాడు. దాని కిందే ఇంకో ముక్క: "మీరు పెట్టిన చోటు శిఖరం కాదు మేడమ్. అవతలి తల ఎత్తుగా ఉన్నట్టుంది. పేజీ సరిచేయండి." దాని మీద ఆట నడిపేవాళ్ళు కూడా నాకు ఉత్తరం రాశారు. రుజువు చూపించండి, లేదా శిఖరమన్న మాట తీసేయండి, నెల రోజులు గడువు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు నెత్తికెక్కింది. ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించాను. డెల్టావాళ్ళకి కొండలేం తెలుస్తాయిలే అనే కదా వాడి ధీమా అన్నాను. నిజానికి అతనలాంటి మాటేమీ అనలేదు, అది నా మనసులో మాట. నోటీసు బోర్డు మీద కాగితం, ప్రార్థనలో చప్పట్లు, ఇవన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకోవాలా? నలుగురిలో తల ఎత్తుకోవడమెలా? నాకు రెండు రాత్రులు సరిగ్గా నిద్ర లేదు.

వచ్చే ఆదివారమే మళ్ళీ కొండ. ఈసారి రెండు తలల మీదా మిషను పెట్టి చూశాను. మొదట నాది మూడు మీటర్లు ఎక్కువ వచ్చింది. ఎగిరి గంతేశాను. నిర్ధారణ కోసం తిరిగి వచ్చి చూస్తే అవతలిది ఆరు మీటర్లు ఎక్కువ. ఇంకోసారి చూస్తే రెండూ సమానం. కదలకుండా రాతి మీద పెట్టినా అంకె పది నిమిషాలకోసారి పెరుగుతోంది, తరుగుతోంది. ఎండలో ఆ తుప్పల్లో పడి నాలుగుసార్లు ఇటూ అటూ తిరిగాను. చేతులు గీసుకుపోయాయి. చివరికి మిషన్ని తిట్టాను, శాటిలైట్లని తిట్టాను, నీడలో కూర్చున్న మా ఆయన్ని కూడా తిట్టాను.

"మీరు అలా కూర్చునే బదులు ఏదో ఒకటి చెప్పచ్చుగా."

"వచ్చేవారం వద్దాం," అన్నారు ఆయన. "ఒక వస్తువు తెస్తాను."

ఆ వస్తువేంటో రైలెక్కేదాకా చెప్పలేదు. సంచిలోంచి తీస్తే తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపు. వేలెడు లావు, అవతలికి కనిపించే ప్లాస్టిక్ గొట్టం, రెండు నిలువుల పొడవు. దాంతోపాటు రెండు వెదురు కర్రలు. ఎదురు సీట్లో ఒకాయన "ఇల్లు కడుతున్నారాండి?" అని అడిగాడు. "లేదండి, కొండెక్కుతున్నాం" అన్నారు మా ఆయన. ఎదురు సీటాయన తన సంచీ దగ్గరికి లాక్కున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇంత చదువు చదివి, శాటిలైట్ల ఆటలో నా మాట నిలబెట్టడానికి తాపీపని సామాను మోసుకెళ్తున్నామా అని లోపల చిరాకు.

ఆయన పొలంలో ఆ పైపు పని నాకు తెలుసు. ఊడ్పులకి ముందు దమ్ము చేశాక, నీళ్ళు పెట్టి చూస్తారు. చేలో ఎక్కడ మట్టి తేలిందో అది మెరక, ఎక్కడ నీరు నిలిచిందో అది పల్లం. అంగుళం తేడా ఉన్నా వరి ఒకచోట మునుగుతుంది, ఒకచోట ఎండుతుంది. కొత్తగా కౌలుకి తీసుకున్న చేనయితే ముందు పైపుతో ఈ గట్టుకీ ఆ గట్టుకీ లెవెల్ చూస్తారు. ఊళ్ళో బోదె కాలువకి నీరు ఎక్కకపోతే ఆయన్నే పిలుస్తారు. ఇన్నేళ్ళుగా కళ్ళతో చూస్తూనే, ఒక్కనాడూ అది చదువని నాకు తోచలేదు.

అమ్మవారి దగ్గర ఆయన పైపులో నీళ్ళు పోసి, గాలి బుడగలన్నీ పోయేదాకా వేలితో తట్టారు. కర్రలు రెండూ నేలలో పాతి, ఒకదానికొకటి ఓ బారెడున్నర దూరంలో, అవతలి తలకు వరసలో ఉండేలా సరిచూశారు. పైపు ఒక కొన ఈ కర్రకి, రెండో కొన ఆ కర్రకి కట్టారు. మధ్యలో పైపు కిందికి వేలాడుతోంది. రెండు కొనల్లో నీళ్ళు ఊగి, ఊగి, నిలిచాయి.

"నీళ్ళు అబద్ధం చెప్పవు టీచరుగారూ," అన్నారు. నన్ను ఆటపట్టించాలనుకుంటే ఆయన అలాగే పిలుస్తారు. "ఈ కొన నీటి మీంచి ఆ కొన నీటి మీదికి చూడు. ఆ గీత నేరుగా పోతే అవతలి కొండ మీద ఎక్కడ తగులుతుందో అదే మన కంటి ఎత్తు. కొండ దాని కిందకుంటే పల్లం. పైకుంటే మెరక."

ఒక కన్ను మూసి చూశాను. మొదట నీటి అంచు, దాని వెనక రెండో నీటి అంచు, ఆ రెండూ కలిసేలా తల సరిచేసుకున్నాను. దాని వెనక అవతలి తల. గీత బండల మీద తగిలింది. బండల కొస గీతకి పైన ఉంది. రెండు వేళ్ళ మందం.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. రెండు వేళ్ళ మందమే. మేం కర్రలకి కట్టింది నా కంటి ఎత్తులో కాబట్టి, మేం నిలబడ్డ నేల ఇంకా కిందే.

"అటెళ్ళి ఇటు చూద్దామా?" అన్నారు. వెళ్ళాం. అక్కణ్ణుంచి చూస్తే అమ్మవారి రాయి నీటిగీతకి బాగా దిగువన, తాపీగా కూర్చుని ఉంది. వేళ్ళతో గాలిలో ఏదో కొలిచి, "రెండు నిలువులు పైనే ఉంటుంది తేడా," అన్నారు.

నేను బండ మీద కూలబడ్డాను. ఓడిపోయాను. బోర్డు మీద కాగితం, హెడ్మాస్టరుగారి మాట, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడే మేకలు తోలుకుంటూ ఒక ముసలాయన వచ్చి మమ్మల్ని, కర్రల్ని, పైపుని మార్చి మార్చి చూశాడు. "ఏం మొక్కండి?" అని అడిగాడు. మొక్కేం లేదని చెప్పి, నేనే అడిగాను, అమ్మవారిని ఇక్కడ పైన పెట్టకుండా అక్కడెందుకు పెట్టారని.

"ఇక్కణ్ణించి మా ఊరు కనపడదండి అమ్మగారూ," అన్నాడు. "ఆయమ్మకి ఊరు కనపడాలి కదండీ."

లేచి చూశాను. నిజమే. ఆ తల అడ్డమొచ్చి ఊరు కనిపించడం లేదు. అమ్మవారు కూర్చున్నది శిఖరం చూసి కాదు, ఊరి ఇళ్ళు చూసి. సోషల్ టీచర్ని, ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు.

ముసలాయన వెళ్ళాక మా ఆయన పైపులో నీళ్ళు వంచేస్తుంటే అడిగాను. "మీకు ముందే తెలుసు కదూ?"

"ఏది?"

"ఇది ఎత్తని. మొదటి రోజే."

"కంటికి ఆనింది. నేల చూసేవాడికి మెరక తెలియదా?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వు మిషన్ని అడిగావు," అన్నారు. "నన్నడగలేదుగా."

నిష్ఠూరంగా కూడా అనలేదు. పైపు చుట్ట చుడుతూ, మామూలుగా అన్నారు. ఆ మామూలుతనమే నన్ను పొడిచింది. పెళ్ళయినప్పటి నుంచీ నేను ఆ మనిషిని ఏమేం అడగలేదో ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఊరందరూ నీటి గొడవొస్తే అడిగే మనిషి. ఇంట్లో నేనొక్కదాన్నే అడగలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఆయన కంగారుపడి, "డబ్బా ఇటు తెచ్చేస్తే సరిపోతుంది కదా, దానికి ఏడవడమెందుకు," అన్నారు.

డబ్బా తెచ్చి బండల సందులో పెట్టాం. సోమవారం స్కూల్లో నోటీసు బోర్డు మీద కాగితం నేనే చింపాను. పేజీ సరిచేసి, కొత్త ప్రింటు అంటించాను. శిఖరం అనుకుని తప్పుచోట పెట్టానని, అవతలి తల ఎత్తని మావారు నీటి గొట్టంతో తేల్చారని రాశాను. ఎలా తేల్చారో బొమ్మ గీసి మరీ పెట్టాను. "మేడమ్, మీది తప్పని మీరే బోర్డు మీద పెట్టుకుంటారా?" అని లెక్కల మాస్టారు నవ్వారు. "పెట్టుకుంటానండి, కింద వరకూ చదవండి," అన్నాను.

చలికాలంలో విశాఖపట్నం ఆటగాడు మళ్ళీ వస్తానని రాశాడు. పైపుతో ఎలా చూశారో కళ్ళతో చూడాలట. ముగ్గురం కలిసి ఎక్కాం. అతనికి ముప్పై ఏళ్ళుంటాయేమో, ఖరీదైన బూట్లు, నా దానికన్నా పెద్ద మిషను. సార్వా వరి కోతలయ్యాయి కాబట్టి మా ఆయన తీరిగ్గా ఉన్నారు. పైన కర్రలు పాతి పైపు కట్టి చూపించారు. అతను వంగి చాలాసేపు చూశాడు. లేచి తన మిషను చూసుకున్నాడు. మళ్ళీ వంగి చూశాడు.

"సార్ సర్వే డిపార్ట్‌మెంటాండి?" అని నన్ను అడిగాడు. గొంతులో నిజమైన మర్యాద ఉంది. మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. ఇన్నేళ్ళూ అలాంటి ప్రశ్న ఎదురైనప్పుడల్లా నేను ఏం చెబుతానో విని, అదే సరేననుకున్న చూపు.

"కాదండి," అన్నాను. "రైతు. పదో తరగతి తప్పారు. ఏడెకరాల వరి చేస్తారు, దమ్ములో తనే దిగుతారు. మా చుట్టుపక్కల ఏ చేనుకి నీరెక్కకపోయినా వచ్చి అడిగేది ఆయన్నే." అవసరమైనదానికన్నా గట్టిగానే అన్నాను. కింద పల్లంలో మేకలు కాస్తున్న ముసలాయనకి కూడా వినబడి ఉంటుంది.

అతను రెండు చేతులూ జోడించాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఊరుకోవే," అని గొణిగి, కర్రలు పీకి, "ఎండెక్కుతోంది, దిగుదాం పదండి," అన్నారు.

నాకు మాత్రం దిగాలనిపించలేదు.